పాత ఫ్రీలాండర్ 2, రెండు లక్షల బడ్జెట్: ఏ పని ముందు, ఏ పని తర్వాత

బండి: 2012 ల్యాండ్‌రోవర్ ఫ్రీలాండర్ 2, ఎస్‌డీ4 హెచ్‌ఎస్‌ఈ. 2.2 లీటర్ల డీజిల్ ఇంజను, 190 పీఎస్, 6 గేర్ల ఆటోమేటిక్. మీటరు మీద 1,18,000 కిలోమీటర్లు. కర్ణాటక రిజిస్ట్రేషన్. కొన్నది మారతహళ్లిలో ఉంటున్న తెలుగు కుటుంబం. కొన్న ధర 6.5 లక్షలు. వాడకం వారమంతా అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో, నెలకోసారి అనంతపురం, సెలవులొస్తే తిరుపతి. మొదటి ఏడాది రిపేర్లకు పెట్టుకున్న హద్దు 2 లక్షలు.

ఫిర్యాదులు మూడు. డ్యాష్‌బోర్డు మీద ఉన్నట్టుండి ‘ట్రాన్స్‌మిషన్ ఫాల్ట్’, ‘హెచ్‌డీసీ ఫాల్ట్’, ‘స్పెషల్ ప్రోగ్రామ్స్ నాట్ అవైలబుల్’ అని వరసగా మెసేజీలు వస్తాయి, బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే పోతాయి. గంటకు 70 నుంచి 90 మధ్య వెనక నుంచి సన్నగా కూత. రెండో గేరు నుంచి మూడో గేరుకి మారేటప్పుడు చిన్న కుదుపు. వేరే గ్యారేజీలో మెసేజీలు చదివి, వెనక చక్రాలకి అవసరమైనప్పుడు ఇంజను బలం కలిపే హాల్డెక్స్ కప్లింగు, ఆ బలాన్ని రెండు వెనక చక్రాలకీ పంచే వెనక డిఫరెన్షియల్ (డిఫ్) రెండూ మొత్తంగా మార్చాలని మూడున్నర లక్షల ఎస్టిమేట్ రాసిచ్చారు. “సార్, అంత పెట్టేకన్నా బండి అమ్మేసుకోవడం నయం కదా” అన్నది ఓనరు మా గ్యారేజీకి వచ్చి అడిగిన ప్రశ్న.

అమ్మనక్కర్లేదు, అంత పెట్టనక్కరా లేదు. కాకపోతే డబ్బు ఏ వరసలో పెడుతున్నామన్నదే అంతా తేలుస్తుంది. కొత్తలో 30 లక్షలు దాటిన బండి ఆరు లక్షలకు దొరుకుతుంది గానీ దాని పార్టులు మాత్రం 30 లక్షల బండి పార్టులే. అందుకే లోపాల జాబితాని రెండుగా చీల్చాలి. పోతే తనొక్కటే పోయేవి ఒకవైపు, పోతూ పోతూ పక్కదాన్ని కూడా తీసుకుపోయేవి ఇంకోవైపు. రెండో వైపున ఉన్నవన్నీ ముందు. డ్యాష్‌బోర్డు మీద ఎన్ని లైట్లు వెలిగినా, సన్‌రూఫ్ ఎంత కిర్రుమన్నా, ఈ వరస మారకూడదు.

బడ్జెట్‌కి ఈ మోడల్ ఎందుకు సరిపోతుంది

పాత లగ్జరీ 4×4 కొనాలనుకునేవాళ్ల కళ్లు ముందు డిస్కవరీ మీదో, రేంజ్ రోవర్ స్పోర్ట్ మీదో పడతాయి. ధరలో తేడా పెద్దగా కనిపించదు. ఆ బండ్లలో ఎయిర్ సస్పెన్షన్ ఉంటుంది. ఎయిర్ స్ప్రింగు సన్నగా లీకైతే కంప్రెసర్ ఆగకుండా తిరిగి కాలిపోతుంది. వీ6 డీజిల్‌లో పెద్ద పనులు పడితే ఇంజను చుట్టూ చోటు చాలక క్యాబిన్‌ని ఛాసిస్ మీది నుంచి పైకి లేపి చేసే సందర్భాలూ ఉంటాయి. ఫ్రీలాండర్ 2లో మామూలు కాయిల్ స్ప్రింగులు, అడ్డంగా కూర్చున్న నాలుగు సిలిండర్ల ఇంజను. లో రేంజ్ గేరు లేదు. రాళ్ల మీద పాకించే బండి కాదిది. నంది కొండల వెనక మట్టిదారులకు, వానల్లో ఊరి రోడ్లకు సరిపోతుంది. ఆ పని వరకే కొనాలి.

ఇంజను పీజో, ఫోర్డ్ కలిసి చేసిన కుటుంబానిది. ఇదే 2.2 మన దేశంలో అమ్మిన ఇవోక్‌లో, జాగ్వార్ ఎక్స్‌ఎఫ్‌లో కూడా ఉంది. గేర్‌బాక్సు ఐసిన్ వాళ్లది, వోల్వోల్లోనూ ఇదే రకం కనిపిస్తుంది. హాల్డెక్స్ నాలుగో తరం, అదీ వోల్వోలో ఉన్నదే. ‘ల్యాండ్‌రోవర్ పార్టు’ అని అడిగితే ఒక ధర, ఆ పార్టుని నిజంగా తయారుచేసిన కంపెనీ పేరుతో అడిగితే ఇంకో ధర. పాత బండి నడపడంలో సగం మిగులు ఇక్కడే.

కాగితాల్లో ఒక విషయం కొనకముందే చూడాలి. ఫ్రీలాండర్ 2 మన దేశానికి 2009లో పూర్తిగా తయారై వచ్చింది. 2011 నుంచి పుణేలో కూర్చారు. 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం పెట్టిన ఫీజు మామూలు కారుకి 5,000 రూపాయలు, దిగుమతి కారుకి 40,000. కాబట్టి 2010 బండి లక్ష తక్కువకు వస్తోందని ఎగబడేముందు ఆర్‌సీలో ఏం రాసి ఉందో చూడండి. ఈ కేసులోని బండి పుణేలో కూర్చినదే. దాని 15 ఏళ్లు 2027లో నిండుతాయి. ఢిల్లీ నుంచి చవగ్గా వచ్చే డీజిళ్ల విషయంలో ఎన్‌ఓసీ, కర్ణాటక లైఫ్‌టైమ్ ట్యాక్సు కూడా లెక్కలో వేసుకోవాలి. ఇన్వాయిస్ ధర పెద్దది కావడంతో ట్యాక్సూ పెద్దదే అవుతుంది. చాలాసార్లు ఆ చవకంతా ఆర్‌టీవో దగ్గరే ఆవిరైపోతుంది.

మెసేజీలు: బ్యాటరీ, బ్రేకు స్విచ్చి

మెసేజీల్లో ట్రాన్స్‌మిషన్ పేరు వచ్చిందని గేర్‌బాక్సు మీద పడకూడదు. ముందు వోల్టేజీ చూడాలి. రాత్రంతా నిలిపి ఉంచిన బండిలో బ్యాటరీ 12.2 వోల్టులు చూపించింది. స్టార్ట్ చేసే క్షణంలో 9.1కి పడిపోయింది. బాగున్న బ్యాటరీ నిలకడలో 12.5 దగ్గర ఉండి, స్టార్టింగ్‌లో 10కి కాస్త అటూ ఇటూగా నిలబడాలి. ఇంజను నడుస్తుండగా 14.2 వచ్చింది, అంటే ఆల్టర్నేటరు బాగానే ఉంది. వోల్టేజీ పడిపోయిన ఆ అర క్షణంలో ఒక్కో మాడ్యూలు ఒక్కో తప్పుడు కోడ్ రాసుకుంటుంది. బ్యాటరీ మార్చి, కోడ్లన్నీ చెరిపేసి, రెండు రోజులు నడిపిస్తే మిగిలినవే నిజమైన కోడ్లు.

మిగిలింది పి0504 ఒక్కటే. అది బ్రేకు స్విచ్చిది. ఈ స్విచ్చి బ్రేకు పెడల్ పైన ఉంటుంది, బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క. లోపల రెండు కాంటాక్టులు. పెడల్ తొక్కితే ఒకటి కలవాలి, రెండోది విడిపోవాలి, రెండూ ఒకేసారి. కాంటాక్టు అరిగి ఒకటి ఆలస్యం చేస్తే, బ్రేకు పడిందో లేదో బండికి నమ్మకం పోతుంది. దిగుడులో బండిని తనే పట్టుకునే హెచ్‌డీసీ, క్రూజ్, దారిని బట్టి మోడ్ మార్చే టెరైన్ రెస్పాన్స్ అన్నీ బ్రేకు సిగ్నల్ మీద ఆధారపడినవే, కాబట్టి అన్నీ ఒక్కసారే చేతులెత్తేస్తాయి. స్కానర్‌లో లైవ్ డేటా పెట్టి పెడల్‌ని మెల్లగా, చాలా మెల్లగా నొక్కి చూస్తే రెండు సిగ్నళ్ల మధ్య ఎడం కళ్లకు కనిపించింది. కొత్త స్విచ్చి 1,800 రూపాయలు. బిగించేటప్పుడు పెడల్ మీద కాలు ఉండకూడదు. పెడల్ వదిలి ఉన్నప్పుడే స్విచ్చి తన పొడవు సర్దుకుంటుంది, తొక్కి బిగిస్తే కొత్తదీ అదే కోడ్ ఇస్తుంది. మూడు మెసేజీలూ దీంతో పోయాయి. ఫ్రీలాండర్ 2లో ఇది బాగా తెలిసిన లోపం. దీన్ని చూడకుండా హాల్డెక్స్ ఎస్టిమేట్ రాయడం అన్యాయం.

కూత ఎక్కడిది

టైరు, వీల్ బేరింగు, డిఫరెన్షియల్ మూడూ దగ్గర దగ్గరగా ఒకే శబ్దం చేస్తాయి. విడదీసే పద్ధతి ఉంది. సిమెంటు రోడ్డు నుంచి తారు రోడ్డు మీదికి వచ్చినప్పుడు శబ్దం మారితే టైరుది. ఖాళీ రోడ్డు మీద స్టీరింగు మెల్లగా ఎడమకీ కుడికీ ఊపితే ఒకవైపు పెరిగి ఇంకోవైపు తగ్గితే వీల్ బేరింగుది. ఒకే వేగంలో ఉండి యాక్సిలరేటరు నొక్కినప్పుడు ఒక రాగం, వదిలినప్పుడు ఇంకో రాగం వస్తే డిఫరెన్షియల్‌ది. ఇక్కడ మూడోదే తేలింది. లిఫ్టు మీద స్టెతస్కోపు పెడితే పినియన్ (డిఫ్‌లోకి బలం తెచ్చే చిన్న పళ్లచక్రం) మూతి దగ్గర గరగర స్పష్టంగా వినిపించింది. ఆయిల్ దింపితే ప్లగ్గు అయస్కాంతానికి బూడిద రంగు మెత్తని పేస్టుతో పాటు గోటితో తగిలేంత పొలుసులు పట్టుకున్నాయి. పేస్టు మామూలే, పొలుసులు కాదు.

ఈ మోడల్‌లో వెనక డిఫ్ పినియన్ బేరింగు అరగడం అందరికీ తెలిసిన జబ్బే. ఇంత తొందరగా ఎందుకు అరిగిందన్నదానికి జవాబు టైర్లలో దొరికింది.

టైర్లు: అసలు దోషి

ముందు టైర్లు కొత్తవి, ట్రెడ్ (టైరు గాళ్ల లోతు) 7.5 మి.మీ. వెనకవి వేరే కంపెనీవి, 4.5 మి.మీ. అమ్మినవాళ్లు బండిని ముస్తాబు చేయడానికి రెండు టైర్లు మాత్రమే మార్చినట్టున్నారు. మామూలు కారులో ఇది పెద్ద విషయం కాదు. ఇక్కడ లెక్క వేరు. 235/55 ఆర్19 టైరు వ్యాసం దాదాపు 741 మి.మీ., చుట్టుకొలత 2,328 మి.మీ. ట్రెడ్‌లో 3 మి.మీ. తగ్గితే వ్యాసం 6 తగ్గుతుంది, చుట్టుకొలత 19 తగ్గుతుంది. కొత్త టైరు కిలోమీటరుకు 429.5 చుట్లు తిరిగితే అరిగిన టైరు 433 తిరుగుతుంది. కిలోమీటరుకు మూడున్నర చుట్ల తేడా. బెంగళూరు నుంచి తిరుపతి దాదాపు 250 కిలోమీటర్లు, అంటే ఒక్క దర్శనానికి వెళ్లేసరికి ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దగ్గర దగ్గర 875 చుట్ల తేడా పోగవుతుంది. ఆ తేడానంతా హాల్డెక్స్ ప్లేట్లు జారి జారి మింగాలి. ప్లేట్లు వేడెక్కుతాయి, వాటి పొడి ఆయిల్‌లో కలుస్తుంది, ఎప్పుడూ ఏదో ఒక లోడు పినియన్ మీద ఉండిపోతుంది.

అందుకే నాలుగు టైర్లూ ఒకేసారి, ఒకే కంపెనీ, ఒకే మోడల్. ట్రెడ్‌లో తేడా 2 మి.మీ. లోపు ఉండాలి. పంక్చర్ బాగుపడనంతగా ఒక టైరు చిరిగితే, మిగతావి ఈ హద్దు దాటి అరిగి ఉంటే నాలుగూ మార్చాలి, హద్దు లోపే అయితే జత మార్చి, కొత్తవి ఏ ఇరుసు మీద వేస్తే తేడా తక్కువో కొలిచి వేయాలి.

19 అంగుళాల టైరు ఖరీదు, పైగా పక్కగోడ ఎత్తు 129 మి.మీ. మాత్రమే. బెంగళూరు గుంతల్లో రిమ్ము పగిలేది అందుకే. ఇదే మోడల్‌కి కంపెనీ ఇచ్చిన ఇంకో సైజు 235/65 ఆర్17. వ్యాసం 737, అంటే స్పీడోమీటరుకీ గేరింగుకీ తేడా రాదు. పక్కగోడ 153 మి.మీ. అన్నిటికంటే ముఖ్యం, ఇది మహీంద్రా ఎక్స్‌యూవీ500, టాటా హారియర్‌ల సైజు. ఏ టైరు షాపులో అడిగినా ఉంటుంది, నాలుగైదు కంపెనీల్లో ఎంచుకోవచ్చు. రిమ్ములు మాత్రం 5×108 పీసీడీ (108 మి.మీ. వలయం మీద 5 బోల్టులు), 63.4 మి.మీ. సెంటర్ బోరు (నడిమి రంధ్రం) ఉన్నవే కావాలి. ఎక్స్‌యూవీ రిమ్ములు ఎక్కవు. శివాజీనగర్ గుజరీలో గానీ చెన్నై పుదుపేటలో గానీ ఫ్రీలాండర్ పాత రిమ్ముల సెట్టు దొరుకుతుంది. పుదుపేట సరుకైతే రాత్రి బస్సు పార్సిల్‌లో పొద్దున్నకి వచ్చేస్తుంది. రిమ్ముని బ్యాలెన్సింగ్ మెషీన్ మీద తిప్పించి వంకర లేదని చూసుకున్నాకే డబ్బివ్వాలి. వెల్డింగ్ చేసిన రిమ్ము ఎంత చవకైనా వద్దు. ఈ కేసులో 17 అంగుళాల పాత రిమ్ములు 20,000, నాలుగు కొత్త టైర్లు 42,000. లోడ్ ఇండెక్సు (టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె) డోరు దగ్గరి స్టిక్కరులో ఉన్నదానికి తగ్గకూడదు.

హాల్డెక్స్

దీన్ని మార్చాల్సిన అవసరం లేదని చెప్పాలంటే ముందు తెరిచి చూడాలి. కప్లింగు వెనక డిఫ్‌కి ముందు బిగించి ఉంటుంది. రెండూ ఒకదానికొకటి అతుక్కుని కనిపిస్తాయి, కానీ ఆయిళ్లు వేరు, ప్లగ్గులు వేరు. డిఫ్ ప్లగ్గు అనుకుని హాల్డెక్స్‌లో గేర్ ఆయిల్ పోస్తే ప్లేట్లు పట్టుకోవడం మానేస్తాయి. ఇది చాలాచోట్ల జరిగే పొరపాటు, కాబట్టి ప్లగ్గు విప్పకముందే చాక్‌పీసుతో గుర్తు పెట్టుకోవడం మంచి అలవాటు.

బండిని పది కిలోమీటర్లు నడిపి ఆయిల్ వెచ్చబడ్డాక దింపాలి. ఇందులో పట్టేది ముప్పావు లీటరు లోపే. కొత్త ఆయిల్ లేత తేనె రంగులో ఉంటుంది. ఇందులోంచి వచ్చింది నల్లగా, కాలిన వాసనతో వచ్చింది. ఫిల్టరు బయటికి తీసి విరగ్గొడితే, మడతల మధ్య ప్లేట్ల పొడి తడి పెన్సిల్ లెడ్డులా పేరుకుని, కాగితం ఎక్కడా కనిపించలేదు. ఇలా మూసుకుపోయిన ఫిల్టరు గుండా ఆయిల్ నెట్టాలంటే పంపు మోటారు ఎక్కువ కరెంటు లాగి చివరికి కాలిపోతుంది. ఆ పంపుకి ఒకసారి ధర అడిగి చూస్తే ఫిల్టరు ఎందుకు మార్చాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఇక్కడ పంపు బతికే ఉంది. స్కానర్‌తో నడిపిస్తే తిరుగుతున్న శబ్దం నిలకడగా వచ్చింది.

కొత్త ఫిల్టరు, కొత్త ఓ-రింగు, హాల్డెక్స్ నాలుగో తరానికని చెప్పిన ఆయిల్ మాత్రమే. బండి లిఫ్టు మీద నేలకి సమంగా ఉండాలి, ముందుకో వెనక్కో వాలితే లెవెల్ తప్పుతుంది. ఫిల్ రంధ్రం నుంచి కారేదాకా పోసి, ప్లగ్గు పెట్టి, పంపుని స్కానర్‌తో ఒక నిమిషం నడిపి, మళ్లీ లెవెల్ చూసి నింపాలి. పొడి అంత ఎక్కువగా ఉన్నందున 5,000 కిలోమీటర్లకే ఆయిల్ మళ్లీ మార్చమని రాశాం, ఆ తర్వాత ప్రతి 40,000కి. రెండు మార్పులకి సరిపడా ఆయిల్, ఒక ఫిల్టరు, పని కలిపి 8,500.

పని అయ్యాక పరీక్ష: ముందు చక్రాలు రెండిటినీ జాకీతో లేపి రోలర్ల మీద పెట్టి, ‘గ్రాస్, గ్రావెల్, స్నో’ మోడ్‌లో మెల్లగా డ్రైవ్‌లో వదిలితే వెనక చక్రాలు బండిని ముందుకు నెట్టాలి. నెట్టాయి. రోలర్లు లేకపోతే తడి గడ్డి మీద వాలులో చూసినా తెలుస్తుంది.

వెనక డిఫ్

ఇక్కడ రెండు దారులు. గుజరీ నుంచి పాత డిఫ్ తెచ్చి బిగించడం సులువు, కానీ అందులోనూ అదే బేరింగు, అదే వయసు. ఎన్ని టైర్లు ఎలా కలిపి నడిపారో ఎవరికీ తెలియదు. క్రౌన్ (పినియన్ తిప్పే పెద్ద పళ్లచక్రం), పినియన్ పళ్లు బాగుంటే బేరింగులు మార్చడమే మేలు. విప్పి చూస్తే పళ్ల మీద గీతలు లేవు. పినియన్ బేరింగు బయటి రేసులో మాత్రం వేలిగోరుతో గీస్తే ఆగేంత గుంటలు వరసగా కనిపించాయి. వేలిముద్రంత జాగాలో లోహం పొర లేచిపోయింది.

బేరింగుల మీద చెక్కి ఉన్న నంబరు చదివి, ఎస్‌కేఎఫ్ లేదా టిమ్‌కెన్ పేరుతో జేసీ రోడ్డులో అడగాలి. సీళ్లు, కొత్త క్రష్ స్లీవు (నట్టు బిగించేకొద్దీ నలిగి బేరింగుల బిగువు నిలిపే గొట్టం), కొత్త పినియన్ నట్టు తప్పనిసరి. క్రష్ స్లీవు ఒకసారి నలిగితే మళ్లీ వాడకూడదు. సందు సరిచేసే పలచని పాత షిమ్ములు ఏది ఎక్కడ ఉందో అక్కడే వేయాలి. నట్టు బిగించేటప్పుడు టార్క్ రెంచి చూపే అంకె కన్నా పినియన్ తిరగడానికి పట్టే బలం ముఖ్యం. దాన్ని చిన్న టార్క్ గేజీతో కొలుస్తూ కొంచెం కొంచెం బిగించాలి. మాన్యువల్‌లోని ప్రీలోడు (బేరింగుల బిగువు) దాటిపోతే నట్టు వెనక్కి వదిలి సరిపెట్టడం కుదరదు, ఇంకో కొత్త స్లీవు వేసి మళ్లీ మొదటినుంచే. చివర పళ్లకు నీలం రంగు రాసి తిప్పి, ముద్ర పంటి మధ్యలో పడుతోందో లేదో చూడాలి. ఈ పనిని హడావిడిగా చేసే చోట చేయించవద్దు, గేజీ లేని చోట అసలే వద్దు. బేరింగులు, సీళ్లు 22,000, పని 10,000.

75డబ్ల్యూ-90 సింథటిక్ జీఎల్-5 ఆయిల్ పోసి, గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టం మూసుకోలేదని ఊది చూడాలి. వేడెక్కిన డిఫ్ అండర్‌పాస్ నీళ్లలో ఒక్కసారిగా చల్లబడితే లోపల గాలి ముడుచుకుని నీళ్లు పీలుస్తుంది. ఆ తుప్పే మళ్లీ బేరింగుని తింటుంది. ఫ్రీలాండర్ 2కి కంపెనీ చెప్పిన నీటి లోతు 500 మి.మీ. ఎదుటి ఆటో చక్రం మునిగిపోయి కనిపిస్తే తిరిగిపోవాలి. ముందు గేర్‌బాక్సు పక్కన ఉండి వెనక్కి బలం పంపే పీటీయూలో కూడా ఇదే సమయంలో ఆయిల్ మార్చాం. దాన్ని ఎవరూ పట్టించుకోరు, లోపలి స్ప్లైన్లు ఎండి అరిగిపోతే ఫోర్‌వీల్ అనేది స్టిక్కరు మీదే మిగులుతుంది. డిఫ్, పీటీయూ ఆయిళ్లు 3,500.

టైమింగ్ బెల్టు

బండి చక్కగా నడుస్తున్నా, ఏ లైటూ వెలగకపోయినా ఈ కేసులో మొదట చేసిన పని ఇదే. 2012 బెల్టు, మార్చిన రికార్డు లేదు. రబ్బరుకి కిలోమీటర్లతో పాటు వయసూ ఉంటుంది. పదేళ్లు దాటాక 1,18,000 అన్న అంకెకి అర్థం లేదు. బెల్టు తెగితే పిస్టన్లు వాల్వుల్ని గుద్దుతాయి, రాకర్లు విరుగుతాయి. అప్పుడు వచ్చే బిల్లు ఈ బండి విలువలో సగం.

బెల్టు ఒక్కటే మారిస్తే సరిపోదు. టెన్షనరు, ఐడ్లరు, ఆ బెల్టే తిప్పే వాటర్ పంపు కలిపి కిట్టుగా వేయాలి. పంపు సీలు తర్వాత లీకైతే మొత్తం మళ్లీ విప్పాలి. ఇంకో ప్రమాదం బయటి బెల్టుతో ఉంది. ఆల్టర్నేటరుని తిప్పే బెల్టు అంచులు పీచులు లేస్తే, ఆ పీచు క్రాంకు పుల్లీ వెనక నుంచి టైమింగ్ కవరు లోపలికి చుట్టుకుపోయి టైమింగ్ బెల్టుని పళ్లు తప్పిస్తుంది. ఈ ఇంజను కుటుంబంలో ఇలా పోయినవి ఉన్నాయి. క్రాంకు పుల్లీ రబ్బరు ఇక్కడ పగుళ్లు ఇచ్చింది, బయటి బెల్టు, పుల్లీ కూడా మార్చాం. క్రాంకు బోల్టు కొత్తదే వాడాలి. ఫ్లైవీలుకీ క్యాముకీ లాకింగ్ పిన్నులు వేసి బిగించి, పిన్నులు తీసి, స్పానరుతో చేత్తో పూర్తి చుట్లు తిప్పి, మళ్లీ పిన్నులు నునుపుగా దూరుతున్నాయని చూశాకే స్టార్ట్ చేయాలి. పార్టులు 34,000, పని 12,000.

గేర్‌బాక్సు, మిగతావి

‘జీవితకాలం ఆయిల్ మార్చక్కర్లేదు’ అని కంపెనీ రాసిన మాట వారంటీ జీవితానికి వర్తిస్తుంది. ఈ ఐసిన్ బాక్సులో మొత్తం దాదాపు 7 లీటర్లు ఉంటుంది, ప్లగ్గు విప్పితే దిగేది అందులో సగం లోపే. ఒకసారి దింపి నింపి, వారం నడిపాక మళ్లీ దింపి నింపితే పాతది పావువంతుకి కాస్త పైగా మిగులుతుంది, చాలు. లక్ష దాటిన బాక్సుకి మెషీన్‌తో బలంగా ఫ్లషింగ్ అక్కర్లేదు. 2012 నాటి ఈ బాక్సుకి జేడబ్ల్యూఎస్ 3309 స్పెసిఫికేషన్ ఆయిల్ వేశాం. తర్వాతి ఏళ్ల బాక్సులకు వేరే ఉండవచ్చు, మాన్యువల్ చూసి కొనండి. లెవెల్ చూడాల్సింది ఇంజను నడుస్తుండగా, ఆయిల్ 50 నుంచి 60 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు. చల్లగా ఉన్నప్పుడు లెవెల్ చూస్తే ఆయిల్ ఎక్కువ పడుతుంది. రెండో మార్పు తర్వాత రెండు నుంచి మూడుకి వచ్చే కుదుపు పోయింది. ఆయిల్ 9,000.

ముందు లోయర్ ఆర్ముల వెనక బుష్షులు చిరిగి ఉన్నాయి, బ్రేకు వేస్తే బండి కొద్దిగా పక్కకి లాగేది. ఆర్ము మొత్తం మార్చకుండా బుష్షులు మాత్రమే ప్రెస్సులో వేయించి అలైన్‌మెంట్ చేస్తే 10,500 అయింది. థర్మోస్టాట్ ప్లాస్టిక్ హౌసింగు అతుకు దగ్గర ఎండిపోయిన నారింజ రంగు మరక కనిపించింది. కూలెంట్ కారుతున్నట్టు అర్థం. సిల్క్ బోర్డు జంక్షన్‌లో ఏసీ వేసుకుని నిలబడ్డప్పుడు పగలాల్సిన ముక్క అది. హౌసింగు, రెండు హోసులు, నారింజ రంగు కొత్త ఓఏటీ కూలెంట్ కలిపి 11,000. పచ్చ కూలెంట్‌ని నారింజతో కలపకూడదు.

బ్యాటరీ 12,500తో కలిపి మొత్తం 1,96,800 రూపాయలు. ఇవి ఈ బండి బిల్లులోని ధరలు, మీ ఊళ్లో కాస్త అటూ ఇటూ ఉంటాయి.

ఆపి ఉంచినవి

సన్‌రూఫ్ శబ్దం, టెయిల్‌గేట్ బటన్ ఒక్కోసారి పనిచేయకపోవడం, వెనక సీటు తోలు పగుళ్లు, పార్కింగ్ సెన్సరు ఒకటి. ఇవి పోతే ఇవే పోతాయి, పక్కదానికి నష్టం లేదు. సన్‌రూఫ్‌లో మాత్రం నీళ్లు దిగే సన్న గొట్టాల్ని నైలాన్ తీగతో శుభ్రం చేయడం ఆపలేదు. అది మూసుకుపోతే నీళ్లు కార్పెట్ కిందికి దిగి వైరింగు పాడవుతుంది. అయిదు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు.

ఇంజన్ ఆయిల్‌లో పొదుపు చేయవద్దు. కంపెనీ చెప్పిన పెద్ద విరామాలు ట్రాఫిక్‌లో నిలబడే బండికి పనికిరావు, 10,000కో ఏడాదికో మార్చాలి. పట్టేది దాదాపు 5.9 లీటర్లు, 5డబ్ల్యూ-30. బండి కింద పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఉందో లేదో చూసి, ఉంటే తక్కువ బూడిద వచ్చే రకం ఎంచుకోవాలి. వారానికోసారి 80 దాటి అరగంట నడిస్తే ఈజీఆర్‌కీ (పొగని కొంత మళ్లీ ఇంజనులోకి పంపే వాల్వు) మంచిది. అనంతపురం ప్రయాణం నెలలో ఒకసారి ఆ పని చేసిపెడుతోంది, మిగతా వారాల్లో ఓనరే చూసుకోవాలి.

తర్వాతి తనిఖీ 1,23,000 దగ్గర. అప్పుడు చూడాల్సినవి: హాల్డెక్స్ ఆయిల్ మార్పు, దింపిన ఆయిల్ రంగు, డిఫ్ ప్లగ్గు అయస్కాంతం మీద పొలుసులు ఉన్నాయా, నాలుగు టైర్లలో ఒక్కోదాని ట్రెడ్ మూడు చోట్ల కొలత. 1,26,000కి టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చాలి. పార్కింగ్ సెన్సరు అప్పుడు చూద్దామని ఓనరుకి చెప్పాం.